మనిషి లేని తువ్వాలు

తెల్లవారుతూనే కిందికి వెళ్ళాలి, గొడుగు కింద ఒక కుర్చీ పట్టుకోవాలి, ఎండెక్కేదాకా సముద్రం చూస్తూ కూర్చోవాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆ రోజుకు కండక్టరు వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చివరిదే కష్టం.

ఆయన ఉద్యోగం దిగి చాలాకాలమైంది కానీ కండక్టరన్న పేరు మాత్రం ఆయన మీద నుంచి దిగలేదు. డిపో వెనక సందులో రెండు గదుల అద్దె వాటాలో ఉంటాడు. గోడ అవతల తొలి బస్సు ఇంజను అందుకునే చప్పుడుకు లేస్తాడు, చివరి బస్సు లోపలికి వచ్చాక పడుకుంటాడు. భార్య ఉన్నన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేదు. ఆయన పొద్దున పెట్టుకున్న గొడవను ఆవిడ సాయంత్రం వెళ్ళి సర్ది వచ్చేది. పాలవాడింటికి ఒకసారి, పై వాటాకు ఒకసారి, గుమ్మానికి అడ్డంగా స్కూటరు పెట్టే ఎదురింటికి ఒకసారి. ఆవిడ పోయింది. గొడవలు పెట్టుకునేవాడు మిగిలాడు, సర్దేవాళ్ళు లేరు. చూస్తూండగానే సందు మొత్తం ఆయనతో మాట మానేసింది. చివరికి ఇంటి యజమాని కూతురికి ఫోను చేశాడు. "మీ నాన్నగారిని మీ దగ్గరికి తీసుకుపోండమ్మా. ఈ నెల అద్దె ఇవ్వకపోయినా ఫరవాలేదు" అన్నాడు. ఇంటి యజమాని నోటి వెంట ఆ మాట వచ్చిందంటే వ్యవహారం ఎంతదాకా ముదిరిందో కూతురికి అర్థమైంది.

కూతురు వచ్చి తండ్రిని నిలదీసింది.

"నాన్నా, నీతో నువ్వు కూడా ఉండలేవు. మాటకు ముందు పోట్లాట. సామాను సర్దు, మా ఇంటికి పోదాం."

"మీ ఇంట్లో నాకు నిద్ర పట్టదే. చప్పుడు ఉండదు."

"నాలుగు రోజులు ఎవరితోనూ గొడవ పడకుండా ఉండగలవా నువ్వు?"

"ఎందుకు ఉండలేను?"

"అయితే ఉండి చూపించు. వచ్చే వారం ఈయన ఆఫీసు వాళ్ళు సముద్రం ఒడ్డు హోటలుకి పంపిస్తున్నారు. మాతో రా. తిరిగి ఇంటికి చేరేదాకా ఒక్కరితో గొడవ పడకు, ఒక్కరికి ఎదురు చెప్పకు. నెగ్గావా, నీ ఇంట్లో నువ్వుండు, నేను జన్మలో మళ్ళీ ఈ మాట ఎత్తను. నోరు జారావా, స్టేషన్లో దిగీ దిగగానే నీ పెట్టె మా ఇంటికి."

"సరే" అన్నాడు కండక్టరు. పక్కనే ఉన్న అల్లుడు ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అల్లుడు ఏదైనా అన్నట్టు దాఖలా లేదు.

హోటలు చాలా పెద్దది. ఏ కారిడారులో నడిచినా అదే కారిడారులో నడిచినట్టుంటుంది. లిఫ్టు ఎక్కడానికి కార్డు, తలుపు తీయడానికి కార్డు, ఈతకొలను దగ్గర తుడుచుకునే తువ్వాలుకు కూడా కార్డు. వచ్చిన రోజు రిసెప్షనులో ఒక అమ్మాయి నవ్వుతూ అందరి చేతులకూ నీలం రంగు పట్టీ కట్టింది. ఆ పట్టీ ఉంటేనే అతిథి. ఆస్పత్రిలో భార్య చేతికి అలాంటిదే కట్టారు. కండక్టరు గదిలోకి వెళ్ళగానే గోళ్ళు తీసే కత్తెరతో దాన్ని కత్తిరించి చెత్తబుట్టలో వేశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఇసుకలోకి వెళ్ళి చూస్తే కుర్చీలు వరసలు వరసలుగా ఉన్నాయి. మనుషులు లేరు. కుర్చీకొక నీలం చారల తువ్వాలు మాత్రం ఉంది. ఏ కుర్చీ దగ్గరికి వెళ్ళినా పక్క కుర్చీలోంచో, నీళ్ళలోంచో ఎవరో ఒకరు "ఉన్నారండీ, వస్తారు" అన్నారు. ఎవరూ రాలేదు. కండక్టరు నాలుక కొసదాకా వచ్చిన మాటను మింగేసి, చీకటి పడేదాకా నీళ్ళ అంచున నిలబడ్డాడు. నిలబడడం ఆయనకు కొత్త కాదు. నోరు మూసుకుని నిలబడడం కొత్త.

అందుకే మర్నాడు కోడి కంటే ముందు లేచాడు. పక్క గదిలో కూతురూ అల్లుడూ పడుకునే ఉంటారనుకున్నాడు. ఉద్యోగంలో ఉన్నప్పటి ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. చిరగని గుడ్డను పారెయ్యడం ఆయనకు రాదు. జేబులో ఈల ఉంది, అదీ అప్పటిదే. చొక్కా మారినా ఈల జేబు మారుతుందే తప్ప ఇంట్లో ఉండదు.

కిందికి వెళ్ళేసరికి సముద్రం మీద వెలుగు అప్పుడే విచ్చుకుంటోంది. ఇసుకలో పురుగు లేదు. కుర్చీలన్నిటి మీదా అప్పటికే తువ్వాళ్ళు ఉన్నాయి.

కండక్టరు కాసేపు చూశాడు. ఇలాంటివి ఆయన బతుకంతా చూశాడు. బస్సు ఇంకా స్టాండులోకి తిరగక ముందే కిటికీలోంచి కర్చీఫు పడుతుంది, సంచి పడుతుంది, ఒకసారి చంటిపిల్ల కూడా పడింది. లోపలికి ఎక్కినవాడు కూర్చుంటాడు, వేసినవాడు వచ్చి కొట్లాడతాడు. ఆ తగాదాలన్నిటికీ కండక్టరు ఒకటే తీర్పు చెప్పేవాడు. మనిషి లేని గుడ్డకు సీటు లేదు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. తిట్టినవాళ్ళున్నారు, చొక్కా పట్టుకున్నవాళ్ళున్నారు, తీర్పు మారలేదు.

ఇక్కడ ఎవరితోనూ గొడవ పడకూడదు, నిజమే. కానీ తువ్వాలుతో గొడవ పడకూడదని కూతురు అనలేదు.

ముందు వరసలో గొడుగు కర్రను ఆనుకుని ఉన్న కుర్చీ బాగుంది. దాని మీది తువ్వాలు గాలికి ఎగరకుండా ఎవరో ఎర్ర జుట్టు క్లిప్పు పెట్టారు. కండక్టరు క్లిప్పు తీసి, బస్సులో దొరికిన వస్తువును జేబులో వేసుకున్నట్టు జేబులో వేసుకున్నాడు. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టాడు. కూర్చున్నాడు. సముద్రం బాగానే ఉంది.

అంతటితో ఆగి ఉంటే కథ లేదు.

కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి చేతులు పట్టుకుని వచ్చింది. ఖాకీ చొక్కా వేసుకున్న ముసలాయన పక్కన మడత పెట్టిన తువ్వాలు చూశారు. ఆ హోటల్లో బీచి పనివాళ్ళవి ఇసుకరంగు చొక్కాలు. కాస్త దూరం నుంచి రెండింటికీ తేడా తెలియదు.

"రెండు కుర్చీలు కావాలండీ. అన్నిటి మీదా తువ్వాళ్ళే ఉన్నాయి" అన్నాడు పెళ్ళికొడుకు.

ఎదురు చెప్పకూడదు. కండక్టరు లేచాడు. పక్కనున్న రెండు తువ్వాళ్ళూ మడత పెట్టాడు.

"తువ్వాలు ఎక్కింది, మనిషి ఎక్కలేదు. కూర్చోండి" అన్నాడు.

వాళ్ళ వెనక పిల్లల తల్లి ఒకావిడ వచ్చింది. ఆవిడ వెనక అన్నదమ్ములెవరో వచ్చారు. నిన్నంతా తనలాగే నిలబడినవాళ్ళు ఇంతమంది ఉన్నారని కండక్టరుకు అప్పుడు తెలిసింది. వచ్చినవాళ్ళను వచ్చినట్టు కూర్చోబెట్టాడు. తువ్వాళ్ళన్నీ కుప్పగా పేర్చాడు. తువ్వాళ్ళ కింద దొరికిన కళ్ళజోళ్ళు, పుస్తకాలు, నూనె సీసాలు, డబ్బీలో పెట్టిన ఒక కట్టుడు పళ్ళ సెట్టు, ఇవన్నీ తువ్వాళ్ళ కౌంటరు మీద వరసగా పెట్టాడు. కౌంటరులో ఉండవలసిన మనిషి టిఫినుకు వెళ్ళాడు. అతను టిఫినుకు వెళితే భోజనం కూడా ముగించుకునే వచ్చే రకం.

ఆ సమయానికే మేనేజరు అటుగా వచ్చాడు. సూటు, చెవి దగ్గర ఫోను, మొహంలో పగలంతా మనుషుల చేత తిట్లు తిన్నవాడి కళ.

"కొత్తవాడివా? కాంట్రాక్టరు పంపాడా?" అన్నాడు.

కండక్టరు అవునూ అనలేదు, కాదూ అనలేదు. కాదంటే ఎదురు చెప్పినట్టు.

"టోపీ ఏదయ్యా? టోపీ లేకుండా ఇసుకలో నిలబడొద్దని మీకు ఎన్నిసార్లు చెప్పాలి?" కౌంటరు వెనక వేలాడుతున్న టోపీ తీసి మేనేజరే స్వయంగా ఆయన నెత్తిన పెట్టాడు. తువ్వాళ్ళ కుప్ప చూశాడు. అంతదాకా చిటపటలాడిన మొహం కాస్త చల్లబడింది. "మంచి పని చేస్తున్నావు. ఈ తువ్వాళ్ళ గోలతో రోజూ నా ప్రాణం తోడేస్తున్నారు. ఈ ఒక్కటీ తేల్చు, నీ మేలు మరిచిపోను."

ఫోను మోగింది, మేనేజరు వెళ్ళిపోయాడు. పై అధికారి చెప్పిన పని కండక్టరుకు నచ్చడం అదే మొదలు.

టోపీ పెట్టాక మనిషి మారాడు. నడక పాతది వచ్చింది. మోకాళ్ళకు పట్టీలు కట్టుకున్న ఒక పెద్దావిడ కర్ర పొడుచుకుంటూ వస్తే, గొడుగు కర్ర దగ్గరి తన కుర్చీ ఆవిడకు ఇచ్చేశాడు. డ్యూటీలో ఉన్నవాడికి సీటు ఉండదు. ఆవిడ కూర్చోగానే ఆయనకు బస్సులో ముందు సీట్లు ఎవరివో గుర్తొచ్చింది.

"ముందు వరస ఆడవాళ్ళది. మగవాళ్ళు లేచి వెనక్కి రండి."

కండలు తిరిగిన ఒక కుర్రవాడు కదల్లేదు. "అలా ఎక్కడ రాసుంది?" అన్నాడు.

"బోర్డు పడిపోయింది. రూలు పడిపోలేదు. లే నాయనా."

గొంతు పెంచలేదు. కసిరింది లేదు. కండల కుర్రవాడు లేచాడు. పక్కనున్న ఆడవాళ్ళంతా అతని వంక అలా చూశారు మరి.

అప్పటికి టిఫిను హాలు మూశారు. తువ్వాళ్ళు వేసినవాళ్ళు పళ్ళు కుట్టుకుంటూ తీరిగ్గా ఇసుకలోకి దిగారు. దిగి, ఆగిపోయారు. తమ కుర్చీల్లో ఎవరో ఉన్నారు. తమ తువ్వాళ్ళు కుప్పలో ఉన్నాయి. అన్ని తువ్వాళ్ళవీ ఒకే చారలు, ఏది ఎవరిదో దేవుడికి కూడా తెలియదు.

"ఎవడయ్యా నా తువ్వాలు తీసింది? నేనెవరో తెలుసా? లాయర్ని" అన్నాడు ఒకాయన.

"బస్సు కదిలాక వచ్చారు సార్. తర్వాతి ట్రిప్పుకి రండి" అన్నాడు కండక్టరు.

"ట్రిప్పేమిటి?"

ఆ మాట అలవాటుగా నోటి వెంట వచ్చింది. కానీ అన్నాక ఆలోచిస్తే సబబుగానే తోచింది. ఇంతలో తువ్వాళ్ళ కోసం కుప్ప మీద పడ్డారు నలుగురు. చారలు పట్టుకుని ఇటు ఇద్దరు అటు ఇద్దరు లాగుతున్నారు. కండక్టరు జేబులోంచి ఈల తీసి ఊదాడు.

ఈల వినగానే మనిషి ఆగుతాడు. ఎందుకు ఆగాడో తర్వాత ఆలోచిస్తాడు. ఆ తర్వాత వచ్చేలోపల కండక్టరు రూలు చెప్పేశాడు. కూర్చున్నవాళ్ళు ఒక ట్రిప్పు కూర్చుంటారు. ఈల వినపడగానే దిగుతారు. నిలబడ్డవాళ్ళు వరసలో ఎక్కుతారు. ముసలివాళ్ళకూ చంటిపిల్లల తల్లులకూ దిగే పని లేదు. తోసుకోవద్దు, ముందుకు జరగండి.

లాయరు నోరు తెరిచాడు. వెనకనుంచి ఎవరో, "సార్, వాదించేదేదో వరసలో నిలబడి వాదించండి, మా చోటు పోతోంది" అన్నారు. లాయరు నిలబడ్డాడు.

నీళ్ళలోంచి వచ్చిన గళ్ళ టోపీ ముసలాయన ఒక్కడే గట్టిగా అభ్యంతరం చెప్పాడు. చెప్పింది మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. కౌంటరు మీది డబ్బీలో ఉన్న పళ్ళు ఆయనవే. కండక్టరు ఆయన బుగ్గలు చూసి, ఏమీ అడగకుండా డబ్బీ తెచ్చి చేతిలో పెట్టాడు. ముసలాయన పళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు తిట్టవలసిన మాట గుర్తు రాక, "థాంక్సండీ" అన్నాడు. వెళ్ళి వరసలో నిలబడ్డాడు.

వరస పెరిగింది. ఇసుక దాటి, ఈతకొలను చుట్టూ తిరిగి, అద్దాల తలుపులోంచి లాబీలోకి వెళ్ళింది. వరస కనబడితే చేరకుండా ఉండలేని మనుషులు ప్రతిచోటా ఉంటారు. ఇది దేనికో తెలియకుండానే చాలామంది చేరారు. ఫలహారాలు మళ్ళీ పెడుతున్నారని కొందరు, ఊరు చూపించే బస్సుకని కొందరు. అప్పుడే ఒక టూరు బృందం వచ్చి దిగింది. గదుల తాళాలు ఇచ్చే వరస ఇదేననుకుని పెట్టెలతో సహా నిలబడింది. ఒక్కొక్క ఈలకూ కాస్త కాస్త జరుగుతూ, పెట్టెల చక్రాలు కొలను గట్టు మీద గరగరలాడించుకుంటూ, వాళ్ళు ఇసుకలోకి వచ్చేశారు. ముందున్నాయన కండక్టరుకు పాస్‌పోర్టు చూపించాడు. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చాడు.

"సరిగ్గానే ఉంది. ఆ మూల కుర్చీలో కూర్చోండి. సామాను దారికి అడ్డం పెట్టొద్దు."

"గది ఎప్పుడిస్తారండీ?"

"ముందు కూర్చోండి" అన్నాడు కండక్టరు. దేశంలో ఏ ప్రశ్నకైనా పనికొచ్చే జవాబు అదే.

కూతురు నిద్ర లేచి కిందికి వచ్చేసరికి లిఫ్టు గుమ్మం ముందే జనం. తోసుకుని బయటికి వచ్చి, వరస పక్కనుంచి ఇసుకలోకి వెళ్ళింది. గొడుగు కర్ర దగ్గరి కుర్చీ వైపు చూసింది. అందులో మోకాళ్ళ పట్టీల పెద్దావిడ నిద్రపోతోంది. తండ్రి కోసం చుట్టూ చూసింది. కనబడలేదు. టోపీ పెట్టుకున్న పనివాడెవరో దూరంగా వీపు తిప్పుకుని తువ్వాళ్ళు మడుస్తున్నాడు. అంతే, వెనక్కి తిరిగి నేరుగా రిసెప్షనుకు నడిచింది. ఆ నడక చూసి అల్లుడు వెనకే పరుగెత్తాడు. ఆ నడక తర్వాత ఏమవుతుందో అతనికి తెలుసు.

రిసెప్షను బల్ల ముందు అప్పటికే మేనేజరు చుట్టూ గుంపు ఉంది. అందరి గొంతులూ కలిసినా కూతురి గొంతు కిందే ఉన్నాయి.

"నిన్నంతా మా నాన్న నిలబడే ఉన్నాడండీ. అరవైలు దాటిన మనిషి. నేను చూడలేక తెల్లారకముందే లేచి, కిందికి వచ్చి, ఆయన కోసం ముందు వరసలో తువ్వాలు వేసి, నా ఎర్ర క్లిప్పు పెట్టి వెళ్ళాను. లేచాక తీసుకొచ్చి కూర్చోబెడదామని. ఎవడో మీ పనివాడు దాన్ని తీసి పారేశాడు. ఇప్పుడు మా నాన్న ఎక్కడ నిలబడ్డాడో కూడా తెలీదు. ఇదేనా మీ హోటలు? ఇదేనా మీ మర్యాద?"

"మేడమ్, కాస్త నెమ్మదిగా..."

"నెమ్మదిగా ఏమిటి నెమ్మదిగా? వాణ్ణి పిలవండి. ఇవాళే పనిలోంచి తీసెయ్యండి. తీసేసేదాకా నేనిక్కడి నుంచి కదలను. మీ పైవాడెవడో వాడితో మాట్లాడతాను, వాడి పైవాడితో మాట్లాడతాను."

అల్లుడు చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకుంది. లాయరు గొంతు కలిపాడు, టూరు బృందం గైడు కూడా కలిపాడు. మేనేజరు నుదురు తుడుచుకుని, "తీసేశాను మేడమ్. ఈ క్షణం నుంచి వాడికి మా హోటలుతో సంబంధం లేదు. ఎవరక్కడ, ఆ బీచి ముసలాయన్ని పిలవండి" అన్నాడు.

గుంపు దారి ఇచ్చింది. కండక్టరు వచ్చాడు. నెత్తిన టోపీ, చేతిలో ఈల, చంకలో తువ్వాళ్ళు.

"పిలిచారా సార్?"

కూతురి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కండక్టరుకు బల్ల చుట్టూ ఉన్న మొహాల్లో కూతురి మొహం ఇంకా పట్టుబడలేదు. తీసి పెట్టిన తన కంటి జోడు కౌంటరు మీద ఇంకెవరి జోళ్ళతోనో కలిసిపోయింది.

"ఈ మేడమ్ తువ్వాలు నువ్వేనా తీసింది? దాని మీద ఎర్ర క్లిప్పు ఉందట" అన్నాడు మేనేజరు.

కండక్టరు జేబులోంచి క్లిప్పు తీసి ముందుకు చాచాడు. "బస్సులో దొరికిందండీ. మీదేనేమో చూసుకోండమ్మా."

"నాన్నా" అంది కూతురు.

వరసలో ఉన్నవాళ్ళు కూడా ముందుకు జరగడం మానేశారు.

"ఈయన మీ నాన్నగారా?" అన్నాడు మేనేజరు. తండ్రిని చూశాడు, కూతుర్ని చూశాడు. కూతురి చేతికి నీలం పట్టీ ఉంది. తండ్రి చేతికి లేదు. మేనేజరు తన లెక్క తాను కట్టుకున్నాడు. "అంటే... మీరు పై అంతస్తులో సముద్రం కనపడే గదిలో ఉన్నారు. మీ నాన్నగారు కింద తువ్వాళ్ళు మడుస్తున్నారు. ఇప్పుడు ఆయన్ని పనిలోంచి తీసెయ్యమంటున్నారు."

"కాదు, ఆయన మాతోనే..." అంది కూతురు.

మోకాళ్ళ పట్టీల పెద్దావిడ గోలకు లేచి కర్రతో అక్కడికి వచ్చేసింది. "తండ్రి కోసమే తువ్వాలు వేశానంటివి కదమ్మా. తండ్రి ఎలా ఉంటాడో కూడా తెలీకుండా ఎలా వేశావు?" అంది.

"ఈ కాలం పిల్లలింతే" అన్నాడు లాయరు. కాసేపటి క్రితం అతను కూతురి పక్షం. "కేసు పెట్టాల్సింది ఈవిడ మీద."

"పొద్దుట్నించీ పాపం ఒక్కసారి కూర్చోలేదు. తన కుర్చీ కూడా ఎవరికో ఇచ్చేశాడు" అంది పిల్లల తల్లి.

కూతురు తండ్రి వంక చూసింది. "నాన్నా, చెప్పు. నువ్వు ఇక్కడ పనిచెయ్యట్లేదని చెప్పు."

కండక్టరు నోరు విప్పలేదు. ఇంతమంది ఒక మాట అంటున్నారు. కాదంటే ఎదురు చెప్పినట్టు. ఆయన మాట మీద నిలబడే మనిషి. తువ్వాళ్ళు బల్ల మీద పెట్టి, టోపీ తీసి తువ్వాళ్ళ మీద పెట్టాడు.

"టోపీ మీరే పెట్టారు సార్. మీకే అప్పజెబుతున్నాను" అన్నాడు మేనేజరుతో.

ఆ మాటకు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పళ్ళు తిరిగొచ్చిన గళ్ళ టోపీ ముసలాయన ముందుకు వచ్చి కండక్టరు భుజం మీద చెయ్యి వేసి, "ఇలాంటి మనిషిని పోగొట్టుకుంటే ఈ హోటలు బాగుపడదు" అన్నాడు. ఈ మాటు ప్రతి అక్షరమూ స్పష్టంగా వినపడింది.

అప్పుడు అల్లుడు మాట్లాడాడు. పెళ్ళయ్యాక నలుగురిలో అతను మాట్లాడడం ఎవరికైనా గుర్తుంటే ఇదే మొదటిసారి. గది తాళం చూపించాడు, బుకింగు కాగితంలో మూడో పేరు చూపించాడు, పట్టీ ఎందుకు లేదో తనకూ తెలియదన్నాడు. మామగారు ఎవరి దగ్గరా పని చెయ్యరనీ, ఎక్కడున్నా పని మాత్రం చేస్తారనీ, భార్య తరఫున, మామగారి తరఫున, తన తరఫున కూడా క్షమించమనీ చెప్పాడు. మేనేజరు చెయ్యి పట్టుకున్నాడు. లాయరుకు నమస్కారం పెట్టాడు. పెద్దావిడను కుర్చీదాకా దిగబెట్టి వచ్చాడు. టూరు బృందాన్ని అసలైన వరసలో నిలబెట్టాడు. మధ్యాహ్నం దాకా మనిషి దగ్గరనుంచి మనిషి దగ్గరికి తిరుగుతూనే ఉన్నాడు.

కండక్టరు మెట్ల మీద కూర్చుని చూశాడు. ఆ తిరుగుడు ఆయనకు తెలుసు. ఒకప్పుడు సాయంత్రాలు అలా తిరిగే మనిషిని కట్టుకున్నాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సాయంత్రం గదిలో కూతురు మంచం అంచున కూర్చుంది. గొంతు బొంగురుపోయింది.

"సరే నాన్నా. నువ్వు నెగ్గావు."

"నేనేమన్నానే?"

"అదే. ఏమీ అనలేదు. అరిచింది నేను. మేనేజరు కూడా చెప్పాడు. ఆయన ఒక్క మాట గట్టిగా అనలేదు, హోటలు పైకప్పు లేపింది మీరేనన్నాడు. నీ ఇంట్లో నువ్వుండు. నేనింక నోరెత్తను."

"నోరెత్తకుండా ఉండగలవా?"

"నీ కూతుర్ని కదా" అంది. అది జవాబో కాదో ఆయన అడగలేదు.

అల్లుడు బాల్కనీలో ఉన్నాడు. కండక్టరు వెళ్ళి పక్కన నిలబడ్డాడు. కింద కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒక్కదాని మీదా తువ్వాలు లేదు.

"మామయ్యా, ఒక మాట చెప్పనా?" అన్నాడు అల్లుడు మెల్లిగా, లోపలికి వినపడకుండా.

"చెప్పు బాబూ."

"ఈ పందెంలో మీరు ఓడిపోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మీరు మా ఇంటికి వస్తే ఆవిడకు పోట్లాడడానికి ఇంట్లోనే సరిజోడు దొరికేది. ఇప్పుడు మళ్ళీ నేనొక్కణ్ణే."

కండక్టరు అతని వంక చూశాడు. ఓదార్చడం ఆయనకు తెలియని పని. "అలవాటవుతుంది" అన్నాడు. తన భార్యకు అలవాటైందో లేదో ఆయన ఎన్నడూ అడిగి తెలుసుకోలేదు.

మిగిలిన రోజులు గొడవ లేకుండా గడిచాయి. తిరుగు ప్రయాణం రోజు స్టేషనుకు హోటలు వాళ్ళ బస్సు వచ్చి గుమ్మంలో ఆగింది. కూతురు అందరికంటే ముందు ఎక్కింది. ముందు వరసలో మూడు సీట్ల మీదా తన శాలువా పొడుగ్గా పరిచింది. గదిలో చార్జరు మరిచిపోయానని దిగి లోపలికి పరుగెత్తింది. అల్లుడు పెట్టెలు ఎక్కిస్తున్నాడు. కండక్టరు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి, ఆ శాలువా వంక చూశాడు. ఏమీ అనలేదు.

కూతురు తిరిగి వచ్చేసరికి బస్సు నిండింది. ముందు వరసలో గళ్ళ టోపీ ముసలాయన, మోకాళ్ళ పట్టీల పెద్దావిడ, లాయరు కూర్చుని ఉన్నారు. శాలువా నాలుగు మడతలు పెట్టి లాయరు ఒళ్ళో ఉంది.

"ఇవి మా సీట్లండీ. శాలువా వేసి వెళ్ళాను" అంది కూతురు.

లాయరు శాలువా ఆవిడ చేతిలో పెట్టాడు. "శాలువా ఎక్కింది, మీరు ఎక్కలేదు. మీ నాన్నగారి రూలేనమ్మా. నేను బాగా ఆలోచించాను, చట్టం ప్రకారం కూడా నిలబడుతుంది."

"నాన్నా" అంది కూతురు వెనక్కి తిరిగి. "వినపడుతోందా? ఏమైనా అనవేం?"

"ఇంటికి చేరేదాకా ఎవరితోనూ గొడవ పడొద్దన్నావుగా" అన్నాడు కండక్టరు. బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. "రైట్ రైట్."

స్టేషను దాకా ముగ్గురూ నిలబడే వెళ్ళారు. కమ్మీ పట్టుకోకుండా నిలబడింది ఒక్కడే.